లైవ్‌అబోర్డ్ డైవింగ్ యాత్ర: పగడపు దిబ్బల మధ్య వారం రోజులు పడవలోనే గడపాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

రాత్రంతా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున ఎప్పుడో ఆ చప్పుడు ఆగుతుంది. లంగరు గొలుసు గరగరలాడుతూ నీళ్లలోకి దిగుతుంది. ఐదున్నరకల్లా ఎవరో వచ్చి కేబిన్ తలుపు తడతారు. కళ్లు నులుముకుంటూ డెక్ మీదికొస్తే కనుచూపు మేరలో నేల కనిపించదు. కింద మాత్రం పగడపు దిబ్బ ఉంటుంది. ఇంకో ముప్పావుగంటలో మీరు దాని పక్కన ఈదుతుంటారు.

లైవ్‌అబోర్డ్ అంటే ఇదే. పడుకునేది, తినేది, సిలిండర్లు నింపుకునేది, డైవ్‌కి దిగేది అంతా ఒకే పడవ మీద. ఒడ్డున గది తీసుకుని రోజూ వెళ్లి వచ్చేవాళ్లు రోజుకి రెండు డైవ్‌లు చేస్తే ఎక్కువ. ఇక్కడ మూడు, నాలుగు చేస్తారు. వారం తిరిగేసరికి 18 నుంచి 20 డైవ్‌లు అవుతాయి.

అసలు సంగతంతా ఆ లెక్కలోనే ఉంది. ఒక్కో డైవ్‌ని విడిగా చూస్తే తేలికే. కానీ వాటి భారం పోగవుతూ వస్తుంది. ఒంట్లో నైట్రోజన్ పేరుకుంటుంది, నిద్ర తగ్గుతుంది, చెవులు నానిపోతాయి, పట్టీలు అరుగుతాయి. మొదటి రోజు పట్టించుకోని చిన్న విషయమే నాలుగో రోజు పెద్దదై కూర్చుంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి మెట్టు దగ్గరా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ఐదో రోజుకి ఎలా ఉంటుంది?

మెట్టు 1: ముందు మీ సంగతి చూసుకోండి

డైవింగ్‌లో మొదటి స్థాయి అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంటే 18 మీటర్ల వరకూ దిగవచ్చు. చాలా లైవ్‌అబోర్డ్ మార్గాలకు అది సరిపోదు. మంచి దిబ్బల అంచులు, సొరచేపలు తిరిగే చోట్లు 20 నుంచి 30 మీటర్ల మధ్య ఉంటాయి కాబట్టి అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ చేసి వెళ్లడం మంచిది. దానితో 30 మీటర్ల వరకూ వెళ్లవచ్చు. సరదా డైవింగ్‌కి గరిష్ఠ హద్దు 40 మీటర్లు. అంత లోతుకి ఈ యాత్రలో అవసరమూ ఉండదు.

కార్డు కంటే ముఖ్యం అలవాటు. నన్నడిగితే కనీసం 40, 50 డైవ్‌లు అయ్యాక వెళ్లమంటాను. నీళ్లలో ఒకే ఎత్తులో కదలకుండా నిలబడడం, గాలి ఎంతుందో అడగకుండానే చూసుకోవడం, మాస్క్‌లోకి నీళ్లొస్తే కంగారు పడకుండా ఊదేయడం చేతికి వచ్చేసి ఉండాలి. పడవ మీద నేర్చుకుందాంలే అనుకుంటే మొదటి రెండు రోజులూ టెన్షన్‌లోనే పోతాయి. ఆరు నెలలుగా నీళ్లలోకి దిగకపోతే బయల్దేరే ముందే ఒక రిఫ్రెషర్ చేయండి.

నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ ఉండే గాలి మిశ్రమం) కోర్సు మాత్రం తప్పకుండా చేయండి. ఎందుకో నైట్రోజన్ దగ్గర చెప్తాను.

డాక్టర్‌కి చూపించుకోవడం ఫారం నింపడానికి మాత్రమే కాదు. గుండె, ఊపిరితిత్తులు, చెవులు, సైనస్‌లు చూపించండి. పంటి డాక్టర్ దగ్గరికీ వెళ్లండి. సరిగ్గా పూడని ఫిల్లింగ్ కింద గాలి చిక్కుకుంటే పైకి వచ్చేటప్పుడు అది వ్యాకోచించి ప్రాణం తీసేంత నొప్పి పెడుతుంది. నేలకి 10 గంటల దూరంలో పంటి నొప్పి రాకూడదు.

మెట్టు 2: ఎక్కడికి, ఏ నెలలో

చాలామంది ముందు చోటు ఎంచుకుని, ఆ తర్వాత సెలవులకి తగ్గట్టు తేదీలు చూస్తారు. తిరగేసి చేయండి. మీకు ఏ నెల ఖాళీనో చూసుకుని, ఆ నెలలో ఏ సముద్రం ప్రశాంతంగా ఉంటుందో వెతకండి.

ఫిలిప్పీన్స్‌లోని టుబ్బటాహా దిబ్బలకి ఏడాదిలో దాదాపు మూడు నెలలే వెళ్లగలరు, మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకా. మిగతా కాలమంతా సులు సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. పలావాన్ దీవిలోని ప్యుయెర్టో ప్రిన్సెసా నుంచి రాత్రంతా ప్రయాణిస్తే తప్ప చేరలేరు. లైవ్‌అబోర్డ్ లేకుండా చూడలేని చోటు ఇది. 1993 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ చేపలు పట్టడం పూర్తిగా నిషేధం. ఆ తేడా నీళ్లలో తల పెట్టగానే తెలుస్తుంది.

థాయ్‌లాండ్‌లోని సిమిలన్ దీవులను ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. ఇండోనేషియాలో కాలాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. రాజా అంపట్‌కి అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. కొమోడోకి ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా వెళ్తారు. అందుకే కొన్ని పడవలు ఏడాదిలో సగం ఇక్కడ, సగం అక్కడ తిరుగుతుంటాయి. రాజా అంపట్, కొమోడో రెండూ కోరల్ ట్రయాంగిల్ అనే సముద్ర ప్రాంతంలో భాగం. ప్రపంచంలో పగడాల జాతుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి.

మాల్దీవుల్లో జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు తేటగా ఉంటాయి. మే నుంచి నవంబర్ దాకా ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) ఎక్కువై నీళ్లు కాస్త మసకబారతాయి. కానీ ఆ ప్లాంక్టన్ కోసమే మంటా రేలనే పెద్ద రెక్కల చేపలు గుంపులుగా వస్తాయి. తేట నీళ్లు కావాలా, మంటాలు కావాలా అన్నది మీరే తేల్చుకోవాలి. బా అటాల్‌లోని హనీఫారు బేలో స్కూబా నిషేధం. అక్కడ స్నార్కెల్‌తోనే దిగనిస్తారు.

ఎర్ర సముద్రంలో బ్రదర్స్, డెడలస్ లాంటి దూరపు దిబ్బలకి సాధారణంగా 50 డైవ్‌ల అనుభవం అడుగుతారు. గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర భాగంలోని రిబ్బన్ రీఫ్స్ వైపు జూన్, జూలైల్లో వెళ్తే డ్వార్ఫ్ మింకే తిమింగలాలు కనిపిస్తాయి.

ఇంకో మాట. నెలతో పాటు తిథి కూడా చూడండి. అమావాస్యకి, పౌర్ణమికి ఆటుపోట్లు పెద్దవి కాబట్టి ప్రవాహాలు జోరుగా ఉంటాయి. కొమోడో లాంటి ఇరుకు జలసంధుల్లో ఆ తేడా చాలా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు అష్టమి ప్రాంతంలో తేదీలు ఎంచుకుంటే నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి.

మెట్టు 3: పడవను ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి

వెబ్‌సైట్‌లో కేబిన్ ఫొటోలు, సన్‌డెక్ ఫొటోలు అందంగానే ఉంటాయి. మీరు అడగాల్సినవి వాటిలో కనిపించవు.

2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ బోటు తగలబడింది. కింది డెక్‌లో నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. రాత్రిపూట తిరుగుతూ కాపలా కాసే మనిషి లేడని, కింది నుంచి బయటికి రావడానికి ఉన్న రెండు దారులూ మంటలంటుకున్న ఒకే గదిలోకి తెరుచుకున్నాయని విచారణలో తేలింది. ఆ సంఘటన గురించి చదివాక నేను పడవ మాట్లాడుకునే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు ముందుగా ఇవి అడుగుతాను:

- రాత్రంతా మేలుకుని తిరిగే కాపలా ఉందా?
- కేబిన్ నుంచి బయటపడే రెండో దారి ఎటు తెరుచుకుంటుంది? మొదటి దారి ఉన్న చోటికేనా, వేరే చోటికా?
- బ్యాటరీల చార్జింగ్ ఎక్కడ? రాత్రిపూట చార్జింగ్ పెట్టనిస్తారా?
- ఆక్సిజన్ ఎంత ఉంది? ఒడ్డుకి అన్నిటికంటే దూరంగా ఉన్న రోజు సాయం అందేదాకా సరిపోతుందా?
- దగ్గరలోని రీకంప్రెషన్ చాంబర్ (నైట్రోజన్ బుడగల జబ్బుకి పీడనం పెంచి చికిత్స చేసే గది) ఎక్కడ? అక్కడికి ఎలా చేరుస్తారు?

ఈ ప్రశ్నలకి విసుక్కునే పడవ మనకొద్దు. మంచి నిర్వాహకులు ఇలాంటివి అడిగినందుకు సంతోషిస్తారు, వివరంగా జవాబిస్తారు.

ఆ తర్వాత ఒక గైడ్‌కి ఎంతమంది డైవర్లో అడగండి. నలుగురు, ఐదుగురైతే బాగుంటుంది. పెద్ద పడవ నుంచి నేరుగా దూకాలా, చిన్న బోటులో దిబ్బ దాకా తీసుకెళ్తారా అన్నది కూడా తెలుసుకోండి. మాల్దీవుల్లో ధోనీ అనే వేరే పడవలో సామాను, సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ ఉంచుతారు. కంప్రెసర్ మోత నిద్రపోయే పడవకి వినిపించదు, అదొక సుఖం.

కేబిన్ విషయంలో సముద్రం పడనివాళ్లు కింది డెక్‌లో, పడవ మధ్యభాగంలో తీసుకోండి. ఊపు అక్కడే తక్కువ. కిటికీ ఉన్న పై గది కన్నా అదే మేలు.

మెట్టు 4: ఇన్సూరెన్స్, సామాను

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కూబా ఉండకపోవచ్చు. ఉన్నా లోతు పరిమితి పెడతారు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ లాంటి డైవింగ్ సంస్థల పాలసీ తీసుకోండి. చాంబర్ చికిత్స, సముద్రం మధ్య నుంచి తరలింపు రెండూ అందులో ఉన్నాయో లేదో చదివి చూసుకోండి.

అన్నీ సొంతవే కొనక్కర్లేదు. కానీ మాస్క్, డైవ్ కంప్యూటర్, వెట్‌సూట్, ఎస్‌ఎంబీ సొంతవి ఉండాలని నా అభిప్రాయం. మాస్క్ ముఖానికి అతకాలి. కంప్యూటర్ యాత్ర మొత్తం మీ ఒంటి లెక్కే రాయాలి, మధ్యలో మార్చకూడదు. ఎస్‌ఎంబీ అంటే నీటి మీద నిలబడే ఎర్రటి గాలి గొట్టం. బోటువాళ్లకి మీరు కనిపించేది దాన్ని బట్టే.

వెట్‌సూట్ గురించి కొంచెం చెప్పాలి. నీళ్లు 28, 29 డిగ్రీలుంటే 3 మిల్లీమీటర్లది చాలంటారు. రోజుకి ఒకటి రెండు డైవ్‌లైతే నిజమే. నీరు ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. రోజుకి నాలుగు గంటలు నానితే మూడో రోజు నుంచి చలి పట్టుకుంటుంది. చలిగా ఉంటే గాలి త్వరగా అయిపోతుంది, ధ్యాస కుదరదు. నేను 5 మిల్లీమీటర్లది తీసుకెళ్తాను, లోపల వేసుకునే టోపీ ఒకటి సంచిలో పెట్టుకుంటాను. దక్షిణ కొమోడోలో నీళ్లు 22, 24 డిగ్రీలకి దిగినప్పుడు ఆ టోపీయే కాపాడింది.

ఒక చిన్న డబ్బాలో ఇవి వేసుకోండి: అదనపు మాస్క్ పట్టీ, ఫిన్ (కాలికి తొడిగే తెడ్డు) పట్టీ, రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి గాలి అందించే పరికరం) మౌత్‌పీస్, నాలుగైదు ఓ-రింగులు, కేబుల్ టైలు, కంప్యూటర్ బ్యాటరీ. అన్నీ కలిపి గుప్పెడు ఉండవు. అయినా నడిసముద్రంలో వాటిని కొనే చోటు ఉండదు. మీ రెగ్యులేటర్ డిన్ రకమైతే (సిలిండర్‌కి మరలా తిప్పి బిగించేది) ఆ పడవ సిలిండర్లకి సరిపోతుందో ముందే కనుక్కోండి, అడాప్టర్ ఒకటి దగ్గరుంచుకోండి.

టార్చి, కెమెరా లిథియం బ్యాటరీలను విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి. సూట్‌కేస్ విషయానికొస్తే, గట్టి పెట్టె వద్దు. కేబిన్‌లో దాన్ని పెట్టే చోటుండదు. మడతపెట్టగల సంచి తెచ్చుకోండి.

సముద్రపు వికారానికి మాత్రలు పడవ కదిలాక వేసుకుంటే లాభం లేదు, ముందు రోజు రాత్రే మొదలుపెట్టాలి. కొన్నింటికి మగత వస్తుంది. మగతతో డైవ్ చేయకూడదు కాబట్టి డాక్టర్‌ని అడిగి, ఇంట్లో ఉండగానే ఒకసారి వేసుకుని చూడండి.

మెట్టు 5: ఎక్కిన మొదటి సాయంత్రం

లైఫ్ జాకెట్ ఎక్కడుందో చూపిస్తారు. చూసి ఊరుకోకండి. కేబిన్ నుంచి రెండో దారి గుండా మీరే ఒకసారి నడిచి వెళ్లండి. చీకట్లో తడుముకుంటూ వెళ్లగలరా అన్నది తెలుసుకోవాలి.

డెక్ మీద మీకో చోటు కేటాయిస్తారు. వారమంతా సిలిండర్ అక్కడే ఉంటుంది. సామాను కింద ఒకే బుట్టలో సర్దుకోవాలి, పక్కవాళ్ల చోటులోకి జరగకూడదు. సిలిండర్‌ని విడిగా నిలబెట్టి పోకూడదు. పడవ ఒరిగితే అది పడేది ఎవరి కాలి మీదో తెలియదు.

మొదటి డైవ్ చెక్ డైవ్. గైడ్ మిమ్మల్ని చూస్తాడు, మీరు మునగడానికి కట్టుకునే సీసం బరువు చూసుకోండి. సీసం ఎంత కావాలన్నది డైవ్ మొదట్లో కాదు, చివర్లో తేలుతుంది. ఎందుకంటే సిలిండర్‌లోని గాలికి కూడా బరువుంది. 11 లీటర్ల సిలిండర్ 200 బార్ పీడనం నుంచి 50 బార్‌కి దిగేసరికి సుమారు 2 కిలోలు తేలికవుతుంది. 50 బార్ మిగిలి ఉండగా, బీసీడీలో (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో) గాలి లేకుండా, 5 మీటర్ల దగ్గర ఊపిరితోనే నిలబడగలిగితే మీ బరువు సరిగ్గా ఉన్నట్టు. చాలామంది రెండు కిలోలు ఎక్కువ మోస్తుంటారు. ఆ రెండు కిలోలకి విరుగుడుగా బీసీడీలో గాలి నింపుతారు, ఆ గాలి లోతు మారినప్పుడల్లా సర్దాల్సి వస్తుంది, అలసట అక్కడే మొదలవుతుంది. చెక్ డైవ్‌లో ఒక్కో కిలో తీసి చూడండి. 20 డైవ్‌ల సుఖం అందులో ఉంది.

మెట్టు 6: రోజు గడిచే తీరు

పొద్దున్నే ఏదో కాస్త తిని బ్రీఫింగ్, మొదటి డైవ్. టిఫిన్. రెండో డైవ్. భోజనం, కునుకు. మూడో డైవ్. చీకటి పడ్డాక నాలుగోది. తిండి, డైవ్, నిద్ర ఈ మూడే పనులు.

బ్రీఫింగ్ ప్రతిసారీ ఒకలాగే వినిపిస్తుంది, నాలుగో రోజుకి జనం ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. అప్పుడే జాగ్రత్తగా వినాలి. ప్రవాహం ఎటు, దిబ్బ ఎడమచేతి వైపా కుడిచేతి వైపా, ఎంత గాలి దగ్గర వెనక్కి తిరగాలి, విడిపోతే ఏం చేయాలి. ఈ నాలుగూ తెలియకుండా దూకకండి.

నైట్రాక్స్ సిలిండర్‌ని మీరే కొలవాలి. ఎనలైజర్ చూపించిన శాతం, ఆ మిశ్రమానికి గరిష్ఠ లోతు రాసి సంతకం పెట్టాలి. 32 శాతం మిశ్రమంతో 1.4 బార్ ఆక్సిజన్ హద్దు సుమారు 33 మీటర్ల దగ్గర వస్తుంది. 36 శాతమైతే 28 మీటర్లకే వచ్చేస్తుంది. ఆ హద్దు దాటితే ఆక్సిజనే విషమై నీళ్లలో మూర్ఛ తెప్పించవచ్చు. కొలిచిన అంకెను వెంటనే కంప్యూటర్‌లో పెట్టండి. 'నిన్న కూడా 32యే కదా' అని వదిలేయడం ఐదో రోజు అలసటతో వచ్చే మాట.

మెట్టు 7: నైట్రోజన్ లెక్క

ఇది కాస్త నెమ్మదిగా చదవండి.

ప్రతి 10 మీటర్ల లోతుకి ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు అది మెల్లగా బయటికి పోవాలి. తొందరపడితే సోడా సీసా మూత తీసినట్టే, బుడగలు కడతాయి. ఆ బుడగలు కీళ్లలో, నరాల్లో చేసే హానినే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు.

రక్తం నుంచి నైట్రోజన్ త్వరగానే పోతుంది. కొవ్వు, కీళ్ల లాంటి చోట్ల నుంచి పోవడానికి చాలా గంటలు పడుతుంది. రోజుకి నాలుగు డైవ్‌లు చేస్తుంటే అవి పూర్తిగా ఖాళీ అయ్యే సమయమే దొరకదు. నిన్నటి మిగులు మీద ఇవాళ్టిది చేరుతుంది.

సాధారణ పట్టికలో మొదటి డైవ్‌కి 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే ఇస్తారు. మామూలు గాలిలో 79 శాతం నైట్రోజన్, 32 నైట్రాక్స్‌లో 68 శాతం. అదే లోతులో, అదే సమయానికి ఒంట్లో చేరే నైట్రోజన్ తగ్గుతుంది. నైట్రాక్స్ నేర్చుకోమన్నది అందుకే. దానితో దొరికిన అదనపు నిమిషాలన్నీ కింద ఖర్చుపెట్టేస్తే జాగ్రత్త మిగలదు. నేను సగం వాడి సగం వదిలేస్తాను.

ఆచరణలో ఇలా చేయండి. రోజులో లోతైన డైవ్ మొదట పెట్టుకోండి. నిమిషానికి 9 మీటర్ల కంటే వేగంగా పైకి రావద్దు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల సేఫ్టీ స్టాప్ ప్రతిసారీ చేయండి. మూడో రోజు తర్వాత నేను దాన్ని 5 నిమిషాలు చేస్తాను. ఆ చివరి 5 మీటర్లను కూడా మెల్లగా రండి. చాలామంది స్టాప్ అవగానే ఒక్క ఊపున పైకి వచ్చేస్తారు, నిష్పత్తిలో చూస్తే పీడనం అన్నిటికంటే వేగంగా మారేది అక్కడే. నీళ్లు బాగా తాగండి. మద్యం ముట్టుకుంటే ఆ రోజుకి డైవ్‌లు అయిపోయినట్టే.

యాత్ర మధ్యలో ఒక డైవ్ మానేయండి. మూడో రోజో, నాలుగో రోజో, మధ్యాహ్నం డైవ్‌ని వదిలేసి నిద్రపోండి. ఇది డబ్బు వృథా అనిపిస్తుంది, ముఖ్యంగా పైకి వచ్చినవాళ్లు 'తాబేలు ఎంత దగ్గరికొచ్చిందో' అని చెప్తుంటే. అయినా మానేయండి. నా అనుభవంలో ఆఖరి రెండు రోజుల డైవ్‌లు బాగా గుర్తుండేది మధ్యలో ఆగినవాళ్లకే.

కీళ్ల నొప్పి, చేతుల్లో కాళ్లలో తిమ్మిరి, చర్మం మీద మచ్చలు మచ్చలుగా ఎరుపు, మామూలు కాని అలసట వీటిలో ఏది కనిపించినా వెంటనే చెప్పండి. బరువు ఎత్తి పట్టేసిందేమో అని సర్దిచెప్పుకోకండి. ముందు 100 శాతం ఆక్సిజన్ ఇస్తారు, డాక్టర్‌ని సంప్రదిస్తారు. చెప్పడం ఆలస్యమైతేనే నష్టం.

మెట్టు 8: చెవులు

నా మొదటి లైవ్‌అబోర్డ్‌లో మూడో రోజు సాయంత్రం కుడి చెవిలో చిన్న దురద మొదలైంది. పట్టించుకోలేదు. నాలుగో రోజు రెండు డైవ్‌లు చేశాను. రాత్రికి చెవి తమ్మె ముట్టుకుంటే నొప్పి. ఐదో రోజు దిండు మీద తల ఆనించలేకపోయాను. మిగిలిన ఆరు డైవ్‌లూ డెక్ మీద కూర్చునే గడిచాయి.

అది బయటి చెవి ఇన్ఫెక్షన్. రోజంతా నానిన చర్మంలో సూక్ష్మజీవులు పెరిగి వస్తుంది. అప్పటి నుంచి ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్లతో చెవులు కడిగి, తల అటూ ఇటూ వంచి నీళ్లు పోయేలా చేసి, మెత్తటి గుడ్డతో బయట తుడుచుకుంటున్నాను. పొద్దున, రాత్రి 2 శాతం ఎసిటిక్ ఆసిడ్ చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఉంచుతాను. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లు ఈ చుక్కలు వేయకూడదు కాబట్టి ముందు డాక్టర్‌ని అడగండి. ఇయర్‌బడ్స్ మాత్రం వద్దు, చర్మాన్ని గీకేస్తాయి.

దిగేటప్పుడు నొప్పి వచ్చేదాకా ఆగకుండా, మొదటి మీటర్ నుంచే చెవుల్లో పీడనం సర్దుకోండి. పట్టేస్తే ఒక మీటర్ పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. ముక్కు పూర్తిగా బిగుసుకుంటే ఆ డైవ్ వద్దు.

మెట్టు 9: ప్రవాహంలో

పెద్ద చేపలు ప్రవాహం ఉన్నచోటే ఉంటాయి. దాన్ని ఎదిరించి ఈదకండి, గెలవలేరు. దిబ్బ మరుగుకి వెళ్తే ప్రవాహం తగ్గుతుంది. పసిఫిక్ దీవుల దేశం పలావులోని బ్లూ కార్నర్ లాంటి చోట్ల ప్రవాహంలో కొట్టుకుపోకుండా రీఫ్ హుక్ అనే కొక్కెం వాడతారు. దాన్ని చచ్చిన రాయికే తగిలించాలి, బతికున్న పగడానికి కాదు.

బడ్డీ (మీతో జంటగా దిగిన డైవర్) కనిపించకపోతే ఒక నిమిషం చుట్టూ చూడండి, ఆ తర్వాత మెల్లగా పైకి రండి. 5 మీటర్ల దగ్గరే ఎస్‌ఎంబీని పైకి వదలండి. ఇది ఒడ్డున ఉండగానే పదిసార్లు సాధన చేయాల్సిన పని. దారం చేతికి చుట్టుకుంటే అదే మిమ్మల్ని పైకి లాగేస్తుంది. పైకి వచ్చాక బీసీడీ నిండా గాలి నింపి, గొట్టాన్ని నిటారుగా పట్టుకుని, విజిల్ ఊదుతూ ఉండండి. సాయంత్రం డైవ్‌కి టార్చి లేకుండా దిగవద్దు.

మెట్టు 10: రాత్రి డైవ్, దిబ్బ మర్యాద

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పగలు రంగులు పోయిన చోట టార్చి వెలుగు పడగానే ఎరుపు తిరిగొస్తుంది. పగడాల మీద పూసల్లాంటి జీవులు సన్నటి చేతులు చాచి తింటుంటాయి. చప్పట్లలాగా, వేయించిన గింజల్లాగా టపటపలాడే మోత వినిపిస్తుంది. అది చిటికె రొయ్యలది.

ఒకసారి రాతి సందులో ప్యారట్‌ఫిష్ కనిపించింది. నిద్రపోయే ముందు నోటి నుంచి జిగురు వదిలి తన చుట్టూ సంచి కట్టుకుంది. పల్చటి గాజు గుడ్డు లోపల పడుకున్నట్టుంది. ఆ సంచి మీద ఇసుక రేణువులు అతుక్కుని ఉన్నాయి. చేప మొప్పలు మెల్లగా కదులుతున్నాయి. టార్చి పక్కకి తిప్పేశాను. నిద్రలేస్తే ఆ సంచి చించుకుని పోతుంది, రాత్రంతా దానికి రక్షణ ఉండదు.

దీపం కళ్లలోకి కొట్టకండి. దేన్నీ తాకకండి. కొమ్మల పగడం ఏడాదికి 10, 20 సెంటీమీటర్లు పెరగవచ్చు. బండలాంటి పొరైటిస్ పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. ఫిన్ తగిలి విరిగిన గుప్పెడు ముక్క మీ పిల్లల వయసుది కావచ్చు. నీళ్లు వేడెక్కితే పగడాలు తమలో ఉండే ఆల్గేను వదిలేసి తెల్లబడతాయి. 2024 ఏప్రిల్‌లో అలాంటి ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ నాలుగోసారి జరుగుతోందని ప్రకటించారు. అలాంటి దిబ్బకి మన ఫిన్ దెబ్బ అదనంగా తగలకూడదు. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని పలావు 2020లో, హవాయి 2021లో నిషేధించాయి.

మెట్టు 11: ఆఖరి రోజు

ఆఖరి డైవ్‌కి, విమానానికి మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. వరుస రోజుల డైవింగ్ తర్వాత ఇది తక్కువలో తక్కువ. నేను 24 గంటలు ఉంచుతాను. విమానంలో పీడనం తగ్గుతుంది, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ అక్కడ బుడగ కట్టకూడదు. టికెట్ తీసుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోండి. కొండల మీదికి వెళ్లే రోడ్డు ప్రయాణం పెట్టుకున్నా ఇదే జాగ్రత్త.

ఇంటికి చేరాక రెండు రోజుల పాటు ఒంటిని గమనిస్తూ ఉండండి. చిన్న తిమ్మిరి వచ్చినా డాక్టర్‌కి ముందుగా చెప్పాల్సిన మాట, 'డైవింగ్ చేసి వచ్చాను' అని. చెప్పకపోతే వాళ్లకి తట్టదు.

సామాను మంచినీళ్లలో నానబెట్టి నీడలో ఆరబెట్టండి. బీసీడీ లోపల కూడా కడగాలి, రెగ్యులేటర్ డస్ట్ క్యాప్ మూసే నానబెట్టాలి. అవి ఆరుతుండగా లాగ్‌బుక్ తీసుకుని ఎంత బరువు కట్టుకున్నారు, ఏ మందం సూట్, నీళ్లు ఎన్ని డిగ్రీలు, ఎన్నో రోజు నుంచి అలసట మొదలైంది, ఏ డైవ్ మానేశారు అన్నీ రాసేయండి. వచ్చే యాత్రకి సంచి సర్దేటప్పుడు ముందు తెరవాల్సింది ఆ పేజీనే.